టికెట్ అమ్మేవాళ్ళే పాఠం కూడా అమ్మితే? కొలోసియం చెప్పే కథ

కొలోసియం అనగానే గ్లాడియేటర్లు, సింహాలు గుర్తొస్తాయి కదా. ఈ ఎపిసోడ్‌లో వాళ్ళెవరూ లేరు. అక్కడ టికెట్లు ఎవరు అమ్మారు, ఎలా అమ్మారు అన్నదే ఇవాళ్టి చరిత్ర. చప్పగా ఉందనిపిస్తే ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ప్రభుత్వ మ్యూజియం ఎవరి కోసం అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీన్ని ప్రారంభించినప్పుడు రోమ్ జనానికి ప్రవేశం ఉచితం. ఇప్పుడది ఇటలీ ప్రభుత్వ పురావస్తు ప్రాంగణం. 2023లో ఒక్క ఏడాదిలోనే 1.2 కోట్ల మందికి పైగా వచ్చారు. అంతమందికి టికెట్లివ్వాలి, దారి చూపాలి, ఆ రాళ్ళ కథ చెప్పాలి. ఇదంతా ఎవరు చేయాలి?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1990ల మొదట్లో ఇటలీ మ్యూజియాల్లో గొప్ప గొప్ప కళాఖండాలు ఉన్నాయి కానీ, చాలా చోట్ల ఒక కాఫీ తాగడానికి, ఒక మంచి పుస్తకం కొనుక్కోవడానికి సరైన ఏర్పాటు లేదు. అప్పటి సాంస్కృతిక శాఖ మంత్రి అల్బెర్తో రోంకే. ఆయన అసలు జర్నలిస్టు. 1993 జనవరిలో వచ్చిన చట్టాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే రోంకే చట్టం అంటారు. మ్యూజియం ప్రభుత్వానిదే, కాకపోతే క్యాంటీన్, పుస్తకాల షాపు లాంటి 'అదనపు సేవల్ని' బయటివాళ్ళకు కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు అన్నది అందులో సారాంశం.

నన్నడిగితే ఇందులో తప్పేమీ లేదు. పురావస్తు శాస్త్రవేత్త కాఫీ కలుపుతూ కూర్చోవాల్సిన పని లేదు కదా.

చిక్కంతా ఆ జాబితా పెరగడంతో వచ్చింది. 2004 నాటి వారసత్వ చట్టం చూడండి. గైడ్ సేవ, విద్యా సహాయం, క్యాంటీన్, అన్నీ ఒకే జాబితాలో ఉంటాయి. అంటే పిల్లలకు చరిత్ర చెప్పడం కూడా కాఫీలాగే అదనపు సేవ అయిపోయింది. వీటికి టికెట్ల అమ్మకాన్ని కూడా కలిపి ఇచ్చే వీలుంది.

కొలోసియంలో సరిగ్గా ఇదే జరిగింది. 1997 నుంచి 2024 వరకు టికెట్లు అమ్మే బాధ్యత కోప్‌కల్చర్ అనే సహకార సంస్థది. విద్యా టూర్లు నడిపిందీ అదే. 2025 ఏప్రిల్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఏం తేల్చిందంటే, మామూలు ధర టికెట్లను బాట్‌లు ఊడ్చేస్తుంటే కోప్‌కల్చర్ తగిన చర్యలు తీసుకోలేదు. పైగా చాలా టికెట్లను తన విద్యా టూర్లతో కలిపి అమ్మడానికి పక్కన పెట్టుకుంది. కొత్త సినిమా మొదటి రోజు ఆటకు బుకింగ్ తెరవగానే సీట్లన్నీ నిండిపోయినట్టు కనిపిస్తే ఎలా ఉంటుందో, అలాంటిదే ఇది. మామూలు టికెట్ దొరకనివాడు ఎక్కువ డబ్బు పెట్టి టూర్ కొనాల్సిందే. కోప్‌కల్చర్‌కు 70 లక్షల యూరోల జరిమానా పడింది. మరో ఆరు టూర్ కంపెనీలతో కలిపితే మొత్తం దాదాపు 2 కోట్ల యూరోలు.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసేది జరిమానా కాదు. చరిత్ర పాఠం జనాన్ని లోపలికి పిలవడానికి ఉండాలి. ఇక్కడ అదే పాఠం టోల్ గేటులా అడ్డం నిలబడింది.

అయితే గేటు దగ్గర డబ్బు అడగకపోతే సమస్య తీరిపోతుందా? లండన్ నేషనల్ గ్యాలరీ సంగతి చూద్దాం. అక్కడ శాశ్వత సేకరణ చూడటానికి ప్రవేశం ఉచితం. కానీ అక్కడ సందర్శకులకు, స్కూలు పిల్లలకు చిత్రకళ గురించి చెప్పే 27 మందిని, కొందరు దశాబ్దాలుగా పనిచేస్తున్నా సరే, ఫ్రీలాన్సర్లుగానే లెక్కేశారు. 2017లో వాళ్ళ పని పోయింది. పద్ధతి మార్చి కొన్ని ఉద్యోగాలు ఇస్తామన్నది గ్యాలరీ వాదన. వాళ్ళు ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. 2019లో తీర్పు వచ్చింది: వీళ్ళు సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళు కాదు, చట్టం దృష్టిలో 'వర్కర్లు'. సెలవు జీతం లాంటి హక్కులు ఉంటాయి. పూర్తి స్థాయి ఉద్యోగులుగా మాత్రం గుర్తించలేదు.

రోమ్‌లో పాఠం లాభాల సరుకైంది. లండన్‌లో పాఠం చెప్పే మనిషికి భరోసా లేకపోయింది. రెండుచోట్లా చదువును మ్యూజియం అసలు పనిగా కాకుండా, పక్క పనిగా చూశారు.

కాబట్టి కాంట్రాక్టులే వద్దు అని నేను అనను. క్యాంటీన్ ఇవ్వండి, షాపు ఇవ్వండి. టికెట్లు అమ్మే సంస్థకు మాత్రం టూర్లు అమ్ముకునే అవకాశం ఇవ్వకూడదు. పాఠం చెప్పేవాళ్ళ జీతం మ్యూజియం సొంత బడ్జెట్ నుంచే రావాలి. మామూలు ధర టికెట్లు మామూలు జనానికి దొరుకుతున్నాయా లేదా అన్నది ప్రభుత్వం ఏటా లెక్క చూడాలి, ఇరవై ఏడేళ్ళ తర్వాత కాదు.

ఈసారి మీరు మ్యూజియానికి వెళ్తే, అక్కడ మీకు కథ చెప్పే మనిషి ఎవరి తరఫున పనిచేస్తున్నారో ఒకసారి అడిగి చూడండి. ఏం చెప్పారో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.