ఓదార్పుతో ఆగని ఆసరా

1998 డిసెంబర్ 27, మధ్యాహ్నం రెండు గంటలు. సిడ్నీ–హోబర్ట్ తెరచాప పడవల పోటీలో అది రేడియో పిలుపుల వేళ. ఒక్కో పడవ పేరూ పిలుస్తారు; పలికినవాళ్లు తాము ఎక్కడున్నదీ అక్షాంశ రేఖాంశాల్లో చెప్పి ఊరుకోవాలి. గాలి సంగతి ఎవరూ ఎత్తరు. తెరచాప పోటీలో గాలి కబురే పెట్టుబడి, దాన్ని ప్రత్యర్థి చేతికి ఇవ్వడమంటే గెలుపును వదులుకోవడమే. ఆ రోజు ‘సోర్డ్ ఆఫ్ ఓరియన్’ అనే పడవ ఆ ఆనవాయితీని తెంచేసింది. తమ దగ్గర గాలి విసురు 78 నాట్స్ దాకా, అంటే గంటకు సుమారు 144 కిలోమీటర్ల వేగానికి చేరుతోందని అందరికీ వినబడేలా చెప్పింది. విన్నవాళ్లలో కొందరు పోటీ మానుకుని ఈడెన్ రేవు వైపు పడవలు తిప్పారు. ఆ హెచ్చరిక చేసిన పడవ మాత్రం కొద్ది గంటలకే ఒక కెరటం దెబ్బకు తిరగబడింది. బ్రిటన్ తరఫున 1996 ఒలింపిక్స్‌లో పాల్గొన్న గ్లిన్ చార్ల్స్ అందులోంచి సముద్రంలో పడి కొట్టుకుపోయారు. మరి దొరకలేదు.

ఈ పోటీని నడిపేది క్రూజింగ్ యాట్ క్లబ్ ఆఫ్ ఆస్ట్రేలియా. యుద్ధం ఇంకా ముగియని 1944లో, సరదాగా సముద్ర విహారం చేసే కొద్దిమంది కలిసి పెట్టుకున్న సంఘం అది. 1945లో హోబర్ట్ దాకా విహారయాత్రగా వెళ్దామనుకున్నారు. బ్రిటిష్ నౌకాదళ అధికారి కెప్టెన్ జాన్ ఇల్లింగ్‌వర్త్ దాన్ని పందెంగా మారుద్దామన్నారు, తన ‘రాణి’ పడవతో తానే గెలిచారు. అప్పటి నుంచి దాదాపు ఏటా క్రిస్మస్ మర్నాడు పడవలు సిడ్నీ వదులుతాయి. దూరం సుమారు 630 నాటికల్ మైళ్లు. దారిలో బాస్ జలసంధి ఉంది. అక్కడ సముద్రం లోతు తక్కువ. దానికి తోడు ఉత్తరం నుంచి దిగే ప్రవాహానికి నైరుతి గాలి ఎదురైతే కెరటాలు గోడల్లా నిలువుగా లేస్తాయి. 1998లో అదే జరిగింది. బయల్దేరినవి 115 పడవలు, హోబర్ట్ చేరినవి 44. అయిదు మునిగాయి, ఆరుగురు చనిపోయారు, 55 మందిని హెలికాప్టర్లూ ఓడలూ కాపాడాయి. ఈ కథను ఎప్పుడు చెప్పినా ధైర్యసాహసాల కథగా చెబుతారు. అందులో తప్పు లేదు గానీ, నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వేరు. కష్టకాలంలో ఒక సంఘం తన మనుషులకు ఇచ్చే ఆసరా మంచి మనసుల మీద కంటే ముందే చేసి పెట్టుకున్న కట్టుబాట్ల మీద నిలుస్తుంది. అందులోనూ అతి కష్టమైన పని, సంఘం తన తప్పును తానే బయట పెట్టుకోవడం.

కట్టుబాట్ల సంగతి ముందు చూద్దాం. ప్రపంచమంతటా పందెపు తెరచాప పడవలకు ఒకే నియమావళి ఉంది, దాని మొదటి నియమమే ఆపదలో ఉన్న మనిషికి గానీ పడవకు గానీ చేతనైన సాయమంతా చేసి తీరాలన్నది. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు పోటీపడే చిన్న పడవలకూ అదే వర్తిస్తుంది. దానికి తోడుగా మరో నియమం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. సాయం చేయబోయి కాలం కోల్పోయిన పడవకు ఆ నష్టాన్ని లెక్కగట్టి తిరిగి ఇవ్వాలని. ఈ రెండో నియమం పెట్టినవారికి మనిషి స్వభావం బాగా తెలుసనిపిస్తుంది. సాయం చేయమని చెప్పడం సులువు. సాయం చేసినవాడు నష్టపోకుండా చూడడం దగ్గరే సంఘం చిత్తశుద్ధి తేలుతుంది. ఆ నియమాలకు ప్రాణం పోసిన సంఘటనలు చరిత్రలో చాలా ఉన్నాయి. 1932 బెర్ముడా పందెంలో ‘అడ్రియానా’ అనే పడవ అంటుకుంటే, పోటీలో ఉన్న ‘జోలీ బ్రీజ్’ సారథి (స్కిప్పర్) బాబీ సోమర్సెట్ వెనక్కి తిరిగి మండుతున్న పడవ పక్కకే తన పడవను తెచ్చి పదకొండు మందిలో పది మందిని ఎక్కించుకున్నారు. 1979లో బ్రిటన్ ఫాస్ట్‌నెట్ పందెంలో వచ్చిన తుఫానులో రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్ సొంత పడవ ‘గ్రిఫిన్’ మునిగితే, తెప్పలో చేరిన దాని సిబ్బందిని చీకట్లో వెతికి ఎక్కించుకున్నది ‘లోరెలై’ అనే ఫ్రెంచ్ పోటీదారు. 1998లో ‘సియెనా’ అనే పడవ తన పందెం పక్కన పెట్టి, తెరచాప స్తంభం విరిగి నీళ్లు నిండుతున్న ‘స్టాండ్ ఎసైడ్’ను కనిపెట్టుకుని ఉంటూ కబుర్లు అందించింది. ఆ పడవలోని పన్నెండు మందినీ హెలికాప్టర్లు పైకి లాగాయి. ‘కింగుర్రా’ నుంచి నీళ్లలో పడిన ఒక నావికుణ్ణి విక్టోరియా పోలీసుల హెలికాప్టర్, ఇంధనం అడుగంటుతున్నా వదలకుండా, ఎత్తుకొచ్చింది. ఈడెన్ నుంచి ఒక చేపల ట్రాలర్ ఆ కెరటాల్లోకి వెళ్లి ‘టీమ్ జాగ్వార్’ను లాక్కొచ్చింది.

ఇన్ని ఉదాహరణలు పేర్చితే సముద్రంలో అందరూ ఒకరికొకరు నిలబడతారన్న నమ్మకం కలుగుతుంది. అక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. స్తంభం విరిగి, మనిషిని పోగొట్టుకుని కొట్టుకుపోతున్న సోర్డ్ ఆఫ్ ఓరియన్ పక్క నుంచే మరో పోటీ పడవ వెళ్లింది, ఆగలేదు. ఆ కెరటాల్లో పడవ తిప్పితే తన సిబ్బంది ప్రాణాలకే ముప్పని దాని స్కిప్పర్ వాదించారు. తర్వాత విచారణల్లో అది పెద్ద వివాదమైంది. నియమంలో ‘చేతనైన’ అన్న మాట ఉన్నది ఇలాంటి ఘడియ కోసమే. ఆ స్థితిలో ఏది చేతనయిందో, ఏది కాదో ఒడ్డున కూర్చుని తేల్చడం తేలిక కాదు. ఆయన్ను దోషిగా నిలబెట్టే తొందర నాకు లేదు. అయితే ఈ ఘటన నా వాదనను కొట్టేయదు, దానికి బలమిస్తుంది. తుఫాను నడిమధ్యలో, నిద్రలేక చలికి బిగుసుకుపోయిన ఒక్క మనిషి నిర్ణయం మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడే పరిస్థితి వచ్చిందంటే, అంతకు ముందెన్నో ఏర్పాట్లు విఫలమయ్యాయన్నమాట. పడవలు బాస్ జలసంధిలోకి వెళ్లకముందే అడగాల్సిన ప్రశ్నలు అడగలేదన్నమాట.

ఆ ప్రశ్నల దగ్గరికే క్లబ్బు రావాల్సి వచ్చింది. 1999 జనవరి 1న హోబర్ట్‌లోని కాన్‌స్టిట్యూషన్ డాక్ దగ్గర చనిపోయిన ఆరుగురికీ నివాళి సభ జరిగింది. బతికి బయటపడ్డవారూ కుటుంబాలూ ఊరి జనమూ చేరారు. ఆ తర్వాత క్లబ్బు ఒక ధర్మనిధి పెట్టింది. పందేల్లో సముద్రానికి బలైనవారి కుటుంబాలకు వెంటనే అండగా నిలవడం, గాలింపు రక్షణ సంస్థలకు సాయం చేయడం, భద్రతా పరిశోధనకూ శిక్షణకూ డబ్బివ్వడం దాని పనులు. ఇప్పటికీ డిసెంబర్‌లో సిడ్నీ హార్బర్‌లో పెద్ద పడవలకు జరిగే పందెం ఆ నిధి పేరు మీదే నడుస్తుంది. ఓదార్పు వరకు క్లబ్బు తన వంతు చేసింది. అదే సమయంలో సొంతంగా ఒక సమీక్షా సంఘాన్ని వేసి 1999లో నివేదిక తెచ్చింది. అసలు దెబ్బ మాత్రం 2000 డిసెంబర్‌లో తగిలింది. న్యూ సౌత్ వేల్స్ కరోనర్ (మరణాలపై విచారణ జరిపే అధికారి) జాన్ అబెర్నెతీ తన తీర్పులో, సంక్షోభం ముదిరిన వేళ పందెం నిర్వహణ బాధ్యతను క్లబ్బు వదిలేసిందని స్పష్టంగా రాశారు. ఇద్దరు మరణించిన ‘బిజినెస్ పోస్ట్ నయాడ్’ స్థిరత్వ పత్రం నిబంధనకు సరిపోకపోయినా దాన్ని పోటీకి అనుమతించారని తేల్చారు. వాతావరణ శాఖనూ వదల్లేదు. సూచనలో చెప్పే గాలి వేగం సగటు మాత్రమేనని, విసురు దానికంటే చాలా ఎక్కువ ఉండొచ్చని చాలామంది నావికులకు తెలియదు. అందుకే గరిష్ఠ విసురునూ కెరటాల ఎత్తునూ విడిగా చెప్పాలని సూచించారు. పందెం డైరెక్టర్ రాజీనామా చేశారు.

ఇక్కడ ఇంకొక అభ్యంతరం. తప్పు చేసిన సంఘమే నివాళి సభ పెట్టి, నిధి పెట్టి, కన్నీళ్లు తుడిస్తే అది ఆసరా అవుతుందా, తప్పును కప్పే తెర అవుతుందా? అనుమానం సబబే. ఓదార్పు పేరుతో ప్రశ్నలను నొక్కేసిన సంస్థలను మనం చాలా చూశాం. దానికి నాకు కనిపించే కొలబద్ద ఒక్కటే: తర్వాతి పందెం మునుపటిలాగే జరిగిందా, మారిందా? ఇక్కడ మారింది. సిబ్బందిలో కొంతమందికి సముద్ర భద్రతా శిక్షణ తప్పనిసరి చేశారు. కనీస వయసు 18 చేశారు. జలసంధి ముంగిట గ్రీన్ కేప్ దగ్గర ప్రతి స్కిప్పరూ రేడియోలో పలికి, పడవా మనుషులూ ముందుకు వెళ్లే స్థితిలో ఉన్నారని చెప్పి తీరాలి. చెప్పనివాళ్లు ముందుకు సాగకూడదు. పోటీ పేరిట గాలి సంగతి దాచే ఆ రేడియో వేళను నోరు విప్పే వేళగా మార్చడం చిన్న పని కాదు. 2024లో అదే పందెంలో రెండు వేర్వేరు పడవల్లో తెరచాప సామగ్రి తగిలి ఇద్దరు చనిపోయారు. కట్టుబాట్లు సముద్రాన్ని మచ్చిక చేస్తాయని ఎవరూ అనలేరు. ప్రతిసారీ మళ్లీ ప్రశ్నించుకునే అలవాటును మాత్రం అవి నిలబెడతాయి.

ఈ అలవాటుకు మూలం 1979 ఫాస్ట్‌నెట్. 303 పడవలు బయల్దేరిన ఆ పందెంలో 15 మంది పోటీదారులు చనిపోయారు, 24 పడవలను మనుషులు వదిలేశారు, మునిగినవి మాత్రం అయిదే. బ్రిటన్ క్లబ్బులు తమ మనుషులకు ప్రశ్నావళి పంపాయి. గాలి ఎంత, పడవ ఎన్నిసార్లు పడింది, భద్రతా పటకా తెగిందా, తెప్ప ఎలా పనిచేసింది అని అడిగాయి. రెండు వందలకు పైగా పడవల నుంచి వచ్చిన జవాబులను క్రోడీకరించి ఆ ఏడాదే నివేదిక ఇచ్చాయి. వదిలేసిన పడవలు చాలావరకు తేలుతూ దొరికాయని, తెప్పలు అనుకున్నంత రక్ష కాలేదని అందులో తేలింది. భయపడి తప్పు చేశామని రాయడానికి సిద్ధపడిన వందలమంది ఇచ్చిన కానుక అది. అయినా 1998లో ‘విన్‌స్టన్ చర్చిల్’ సిబ్బందికి అది ఎంత అక్కరకొచ్చింది? 1945 తొలి పందెంలోనూ పాల్గొన్న ఆ పాత చెక్క పడవ మునిగింది, వాళ్లకు తెప్పలు తప్ప దారి లేదు. ఒక తెప్పలో ఎక్కిన అయిదుగురిలో ముగ్గురు రాత్రి సముద్రం పాలయ్యారు. జ్ఞానం కూడా ఒక్కోసారి చాలదని ఒప్పుకోవాలి.

మిగిలింది చివరి అభ్యంతరం. ఇది కలవారి వినోదం, వాళ్లను కాపాడడానికి ప్రజల డబ్బూ రక్షకుల ప్రాణాలూ ఎందుకు పణం పెట్టాలి? అడగాల్సిన ప్రశ్నే. సముద్రంలో పడ్డవాడి తాహతు చూసి తాడు వేసే పద్ధతి మొదలైతే, దానికి మొదట బలయ్యేది వేటకు వెళ్లే బీదవాడు. అందుకే ఆ మినహాయింపు ఎవరికీ ఉండకూడదు. దానికి బదులుగా ఈ క్లబ్బులు చెల్లించాల్సిన రుణం ఉంది. రక్షణ సంస్థలకు నిధులు, తేల్చిన పాఠాలు అందరికీ తెరిచి పెట్టడం ఆ రుణంలో భాగమే. ఆ ఏర్పాటు మనవాళ్ల దాకా వచ్చింది. 2018 సెప్టెంబర్ 21న, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ ‘తురియా’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తిరగబడింది. వెన్ను దెబ్బతిని ఆయన కదలలేకపోయారు. గాలింపును కాన్‌బెర్రా రక్షణ కేంద్రం నడిపించింది, మన నౌకాదళ విమానం పడవ జాడ పట్టింది. అదే తుఫానులో తన స్తంభాలు విరిగిన ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్, అందుబాటులో ఉన్నదాన్ని నిలబెట్టి తాత్కాలిక తెరచాపతో ఆయన వైపు బయల్దేరారు. చివరికి ఫ్రెంచ్ ఓడ ‘ఒసిరిస్’ ఇద్దరినీ ఎక్కించుకుంది. ఐఎన్‌ఎస్ సాత్పురా అక్టోబర్‌లో అభిలాష్‌ను విశాఖపట్నం చేర్చింది. నాలుగేళ్ల తర్వాత ఆయన మళ్లీ అదే పందెంలో ఉన్నారు. 2022 నవంబర్‌లో ఫిన్లండ్ నావికుడు టపియో లెహ్తినెన్ పడవ నిమిషాల్లో మునిగిపోయినప్పుడు, కబురు అందగానే దారి మార్చినవారిలో అభిలాష్ ఒకరు. ముందుగా చేరి తెప్పలోంచి టపియోను ఎక్కించుకున్నది దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టన్ నాయ్‌షేఫర్. ఆ సాయానికి పట్టిన కాలాన్ని నిర్వాహకులు లెక్కగట్టి ఆమెకు తిరిగి ఇచ్చారు. 2023 ఏప్రిల్‌లో పందెం గెలిచిందీ ఆమే. రెండో స్థానం అభిలాష్‌కు దక్కింది.