ఔషధ ఎక్స్‌ట్రూషన్ ప్రక్రియలో ఘనరూప పర్యవేక్షణ

ఔషధాన్ని పాలిమర్‌తో కలిపి, వేడిమిలో జంట మరల యంత్రం గుండా నెట్టి అచ్చుపోసే హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలో, మందు తన స్ఫటికరూపాన్ని కోల్పోయి, అణువులకు క్రమమైన అమరిక లేని అస్ఫటిక రూపం పొందవచ్చు, లేదా చల్లారేటప్పుడు మరో స్ఫటికరూపంగా గడ్డకట్టవచ్చు. ఇలా స్ఫటికరూపం మారడం ఎంత ప్రమాదకరమో 1998లో రిటోనవిర్ అనే మందు రుజువు చేసింది: నీటిలో తక్కువగా కరిగే కొత్త స్ఫటికరూపం తలెత్తడంతో అబాట్ సంస్థ క్యాప్సూల్స్‌ను మార్కెట్ నుంచి ఉపసంహరించుకోవలసి వచ్చింది. అదే మందును లోపినవిర్‌తో కలిపి ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలో చేసిన మాత్రలకు 2005లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇలా ఒకే ఔషధం వేర్వేరు స్ఫటికరూపాలు పొందడాన్ని బహురూపత అంటారు; దాని అధ్యయనానికి హైదరాబాదు విశ్వవిద్యాలయం ముఖ్య కేంద్రం. అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు స్ఫటిక ఇంజనీరింగ్‌పై వెలువరించిన గ్రంథం (1989) ఆ రంగానికి పునాది గ్రంథాలలో ఒకటి.

ఎక్స్‌ట్రూషన్‌లో ఈ రూపమార్పుల పర్యవేక్షణకు యంత్రపు అచ్చు వద్దే రామన్ శోధినిని అమర్చి, కాంతి చెదిరే తీరులోని తేడాలను బట్టి రూపాన్ని నిమిషాలలోనే గుర్తిస్తారు.

మందుతో కలిపే ఇతర పదార్థాలు ఈ పర్యవేక్షణకు అడ్డుపడవచ్చు; ముగ్గురాయి అందుకు ఒక ఉదాహరణ. కడప ప్రాంతంలోని మంగంపేట ముగ్గురాయి, అంటే బేరియం సల్ఫేట్, ఎక్కువగా చమురు బావుల తవ్వకానికే వెళుతుంది; అయితే ఎక్స్‌రేలో కనబడేందుకు శుద్ధిచేసిన ఇదే పదార్థాన్ని ఎక్స్‌ట్రూషన్‌తోనే తయారయ్యే, 68 మిల్లీగ్రాముల ఇటోనొజెస్ట్రెల్ అనే మందు గల గర్భనిరోధక ఇంప్లాంటులో 15 మిల్లీగ్రాములు కలుపుతారు. స్ఫటికరూపాన్ని గుర్తించే మరో పద్ధతి అయిన ఎక్స్‌రే వివర్తనంలో ఈ లవణపు బలమైన సంకేతాలు మందు సంకేతాలను కప్పివేయగలవు. రామన్ వర్ణపటంలో మాత్రం దాని ప్రధాన శిఖరం 988 సెం.మీ.⁻¹ వద్ద విడిగా, సన్నగా నిలుస్తుంది.