మోటారు కారు మెఱుగు: పూతమీద పూత

వీధిలో నిలిచిన మోటారు కారు నిగనిగలాడుచుండగా చూచి, ఆ నిగనిగ రంగుదేయని మనము అనుకొందుము. రంగుమీద ఒక పూత, దానిమీద ఇంకొకటి, ఒక్కొక్కప్పుడు దానిపైనను వేఱొకటి యుండునని కారు గలవారిలోనే చాలమంది యెఱుగరు. అంగడిలో గ్లేజు, సీలెంటు, వాక్సు అని మూడు పేర్లతో డబ్బాలు అమ్ముదురు. మూడును ఒకటేయని తలచి, చేతికందినదానిని చేతికందిన వరుసలో పూయువారు కలరు. కాని ఇవి ఒకే కాలమున పుట్టలేదు, ఒకే పనికొఱకును పుట్టలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్కనాటి రంగులోని లోపమును కప్పిపుచ్చుటకో, కాపాడుటకో వచ్చినది. ఆ చరిత్ర తెలిసినచో ఏది క్రింద, ఏది పైన అను తగవు చాలవఱకు తీరును.

మోటారు కారు గుఱ్ఱపుబండి వంశమున పుట్టినది. తొలినాటి కార్లకు ఇంజను ఒక కర్మాగారములో తయారైనను, పై తొడుగు కట్టి రంగు వేసినవారు చాలవఱకు తరతరములుగా కోచిబండ్లు కట్టినవారే. వారి పద్ధతి మిక్కిలి ఓర్పుతో కూడినది. చెక్కమీద అవిసెనూనె కలిపిన రంగు పూసి, ఎండనిచ్చి, ప్యూమిసు రాయితో నీరు చిలుకరించుచు అరగదీసి, మరల పూసి, మరల అరగదీసి అడుగును సిద్ధము చేసెడివారు. పిదప అసలు రంగు. దానిమీద వార్నిషు, అదియు పలు పూతలు. ఆ వార్నిషుకు వలసిన కోపలు గుగ్గిలము జాంజిబారు నుండి, కాంగో నుండి వచ్చెడిది. కౌరి గుగ్గిలము న్యూజిలాండు నుండి. వానిని అవిసెనూనెలో కాచి టర్పెంటైనుతో పలుచన చేసెడివారు. వార్నిషు వేయు గదిలో దుమ్ము లేవకుండ నేలపై నీరు చల్లి తలుపులు మూసెడివారు. ఒక బండి సిద్ధమగుటకు వారములు పట్టెడిది.

ఇక్కడ గమనింపదగినది ఒకటి కలదు. ఆ బండ్ల మెఱుగు వార్నిషులోనే యుండెడిది. యజమాని గాని బండివాడు గాని దానిని రుద్ది మెఱుగుపెట్టుట లేదు. చన్నీటితో కడిగి, మెత్తని తోలుతో తడి అద్దుటయే వారి పని. బురద ఎండకమునుపే కడుగవలెను. గుఱ్ఱపుశాలకు ప్రక్కనే బండి నుంచరాదు, ఏలన అక్కడి అమ్మోనియా ఆవిరి వార్నిషును మాపును. మెఱుగు తగ్గినచో బండి తిరిగి రంగువాని యింటికి పోయి క్రొత్త వార్నిషు తొడుగుకొని వచ్చెడిది. హైదరాబాదు చౌమహల్లా భవనములో నేటికిని చూడదగిన 1912 నాటి పసుపుపచ్చ రోల్సు రాయిసు కారు ఈ యుగమునకు చెందినదే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాను కోరి చేయించిన ఆ వాహనమునకు తొడుగు కట్టినది లండనులోని బార్కరు సంస్థ. అదియు పూర్వము గుఱ్ఱపుబండ్లు కట్టిన సంస్థయే. 1911లో ఆయన కీర్తిశేషుడగుటచే కారు ఆయన కుమారుని కాలమున ఉపయోగమునకు వచ్చినది.

కాని కారు గుఱ్ఱపుబండి కాదు. ఇంజను వేడి, నూనె చిందులు, దూరప్రయాణములలోని ఎండ, దుమ్ము వీని యెదుట అవిసెనూనె వార్నిషు త్వరలో పసుపుబాఱి, మెఱుగుమాసి, సన్నని బీటలు వాఱెడిది. ప్రతి యేటను రంగువాని యొద్దకు పోవుటకు అందఱికిని స్తోమత యుండునా? అప్పుడు ఇంటి సామానుల మెఱుగు కారుమీదికి వచ్చినది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున ఫ్రాంక్ మెగ్వయర్ అను నాతడు 1901లో తన యింటి గరాజులో తయారుచేయ మొదలుపెట్టినది బల్లలు, కుర్చీలు మెఱయించు పాలిషు. తరువాత ఆ సంస్థ కార్ల మెఱుగులకే పేరొందినది. 1910లో చికాగోలో మొదలైన సైమనైజు వారు రెండు డబ్బాలు అమ్మిరి: ఒకటి మాసిన పైపొరను తొలగించునది, రెండవది దానిమీద పూయు మైనము. ముందు తీయుట, పిమ్మట వేయుట. ఈ రెండు పనులు వేఱువేఱని అప్పుడే యెఱిగియుండిరి. ఆ పేరు ఎంతగా వాడుకలో పడినదనగా, కారుకు మైనము పూయుట యను అర్థమున ఆంగ్ల నిఘంటువులలో క్రియాపదముగా చేరిపోయినది.

ఆ మైనముల కథలో ముఖ్యపాత్ర ఒక చెట్టుది. బ్రెజిలు దేశపు ఈశాన్య భాగములో, సియారా, పియావి రాష్ట్రముల ఎండభూములలో కార్నౌబా యను చెట్టు పెరుగును. అది మన తాటికి చుట్టము; ఆకులును తాటాకువలెనే విసనకఱ్ఱ యాకారమున నుండును. వానలు లేని నెలలలో ఆకులోని తడి ఆఱిపోకుండ ఆ చెట్టు ఆకులకు మైనపు పొర కప్పుకొనును. బూడిద గుమ్మడికాయమీద మనము చూచెడి తెల్లని పొడియు ఇట్టిదే. తామరాకుమీద నీటిబొట్టు నిలువక జాఱుటకును సగము కారణము అట్టి మైనమే. బ్రెజిలు వారు ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి, రాలిన పొడిని కరగించి, వడగట్టి గడ్డలు చేయుదురు. తేనెమైనము 62, 64 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. కార్నౌబాకు 80 డిగ్రీలు దాటవలెను. అంత గట్టిదగుటచేత దానిని ఒంటిగా పూయ వీలుకాదు. తేనెమైనము, పారఫిను వంటి మెత్తని వానితో కలిపి, టర్పెంటైనులోనో మఱియొక ద్రావకములోనో నానబెట్టిననే గుడ్డకు లొంగును. డబ్బామీద కార్నౌబా నూటికి నూఱు అని వ్రాసియుండుట చూచి మోసపోరాదు. నూటికి నూఱు కార్నౌబా యైనచో అది డబ్బాలో ఇటుకవలె నుండును.

ఈ మైనము కొఱకు ఒక వర్తకుడు ఆకాశయానమే చేసెను. విస్కాన్సిను రాష్ట్రమున రెసీను పట్టణములోని జాన్సను మైనపు సంస్థ అధిపతి హెచ్. ఎఫ్. జాన్సను 1935లో, నీటిమీదను నేలమీదను దిగగల సికోర్‌స్కీ విమానమున బ్రెజిలుకు పోయెను. ఆ విమానమునకు కార్నౌబా అనియే పేరు. ఇన్ని డబ్బాలకు సరిపడు చెట్లు అక్కడ నిలకడగా ఉన్నవో లేవో కన్నులార చూచుటయే ఆయన ఉద్దేశము. 1998లో ఆయన కుమారుడు, మనుమలు అట్టి విమానమునే మరల కట్టించి అదే దారిని పోయి వచ్చిరి.

ఇంతలో రంగు తానే మాఱిపోయినది. ఫోర్డు వారి టి నమూనా కారు 1914 నుండి 1925 వఱకు నల్లరంగుననే వచ్చినదని అందఱును వినియుందురు. ఆ నల్లనిపూతలలో ఆస్ఫాల్టు కలిసియుండెడిది. అది చవుక, గట్టిది. తగిన భాగములను కొలిమిగదులలో పెట్టి కాల్చుటకు అనువైనది. కాని ఆస్ఫాల్టు తానే నల్లనిది గనుక దానితో ఎఱుపో నీలమో వచ్చు మార్గము లేదు. రంగురంగుల కార్లు కావలెనన్నచో పాత వార్నిషు పద్ధతియే శరణ్యము. అప్పుడు కార్లు ఎండుచు కూర్చుండును. దినమునకు నూఱు కార్లు చేయు కర్మాగారమున ఒక్కొక్క కారు ఇరువది దినములు ఎండవలసివచ్చిన, రెండువేల కార్లకు నీడ చూపవలెను గదా.

ఈ చిక్కును విప్పినది డ్యూపాంటు సంస్థ. 1802లో తుపాకిమందు తయారీతో ఆరంభమైన ఆ సంస్థకు నైట్రో సెల్యులోజు పాత పరిచయము. ఆ పదార్థమును దట్టపడనీయక పలుచగా చేయు ఉపాయము 1920 ప్రాంతమున వారికి చిక్కినది. దానితో రంగును ఎక్కువగా కలిపి, పిచికారితో చిమ్మవచ్చును. ద్రావకము ఆవిరియై కొద్దిసేపటిలోనే పూత ఆఱును. 1923లో డూకో యను పేరుతో అది వెలువడినది; జనరల్ మోటార్సు వారి 1924 ఓక్లండు కారు నీలిరంగు డూకోతో అంగడికి వచ్చినది. వారముల పని గంటలలోనికి దిగినది. ఆ పేరు మన దేశమున ఎంతగా పాతుకొన్నదో వడ్రంగులను, మెకానిక్కులను అడిగిన తెలియును. ఏ సంస్థ లాకరు వేసినను వారి నోట అది డూకోయే.

అయితే డూకో వచ్చుచు ఒక ఋణమును వెంటతెచ్చినది. పిచికారినుండి వచ్చిన పూత మెఱయదు; రుద్దిననే మెఱయును. ఎండకు కొన్నినెలలలో పైన సుద్దవలె తెల్లబాఱును, మరల రుద్దవలెను. పూర్వము రంగువాని చేతిలోనుండిన మెఱుగు ఇప్పుడు యజమాని చేతికి, అతని గుడ్డకు వచ్చిపడినది. ఎఱ్ఱకారును రుద్దిన గుడ్డ ఎఱ్ఱనగును. ఆ ఎఱుపు మురికి కాదు, కారు యొక్క రంగే. ప్రతి పండుగకును డ్రైవరుచేత ముతక పాలిషుతో రుద్దించి, పదేండ్లలో బానెటు అంచుల వెంబడి అడుగుపూత బయటపడిన కార్లను మనము చూచియే యున్నాము. అటువంటి యింట కారును ప్రేమించినవారే కారు తోలు ఒలిచినారు. తీయునది పాలిషు, కప్పునది మైనము. ఈ భేదము తెలియకపోవుటవలన నష్టమైన రంగు, ఎండవలన నష్టమైనదానికి తీసిపోదని మా అభిప్రాయము.

గ్లేజునకు ప్రాముఖ్యము వచ్చినది ఈ లాకరు కాలముననే. క్రొత్తగా రంగు వేసిన కారులోనుండి ద్రావకము కొన్ని వారములు బయటికి పోవుచుండును. అప్పుడే మైనము పూసి దారి మూయరాదు. కాని కారును ఇచ్చునప్పుడు రంగువానికి మెఱుపు చూపవలెను. అందులకై మైనములేని నూనెలు, మెత్తని మట్టి కలిపిన లేపనమును వాడిరి. అది సన్నని గీతలలో కూరుకొని వానిని కనబడనీయదు, రంగునకు నీటిలో తడిసినట్టి లోతు నిచ్చును. నాలుగు మాఱులు కడిగిన పోవును. పైన పటారము, లోన లొటారము అన్న సామెత దీనికి కొంత తగును. పాత కార్లు అమ్మువారికి గ్లేజుమీద గల మక్కువయు అందుచేతనే. అట్లని అది పనికిమాలినది కాదు. అరగదీయుటకు ఇక మందము లేని పాతరంగుమీద గీతలను తొలగించుటకంటె దాచుటయే దయ.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత సిలికోను నూనెలు పాలిషులలో చేరినవి. చేయి నొప్పిపుట్ట రుద్దవలసిన పని సులువైనది, నీరు నిలువక జాఱినది. రంగువారికి మాత్రము క్రొత్త తలనొప్పి వచ్చినది. సిలికోను అంటిన రేకుమీద క్రొత్తరంగు చిమ్మినచో రంగు అతుకక, చేపకన్నులవంటి గుండ్రని గుంటలు పడును. పిమ్మట సీలెంటులను కృత్రిమ పాలిమరులు వచ్చినవి. మైనము రంగుమీద కూర్చుండును. సీలెంటు శుభ్రమైన తలమును పట్టుకొని గట్టిపడును. మన మే నెల ఎండలో నల్లకారు బానెటుమీద చేయి నిలుపలేము. ఆ వేడికి మెత్తని మైనములు కలిసిన పూత కొద్దివారములలో సడలును. సీలెంటు నెలలు నిలుచును. బోరునీటితో కడిగి ఎండలోనే ఆఱనిచ్చినచో తెల్లని ఉప్పుమచ్చలు ఏ పూతమీదనైనను పడును.

ఇప్పుడు వరుస సంగతి. సీలెంటుకు పట్టు కావలెను గనుక దానిక్రింద మైనము ఉండరాదు. సీలెంటు గట్టిపడిన పిదప, సామాన్యముగా కొన్ని గంటలు ఆగి, పైన మైనము పూయవచ్చును. గ్లేజు నూనెగలది గనుక సీలెంటు క్రింద వేసినచో పట్టు చెడును. మైనము క్రింద వేసినచో చెల్లును. కొన్ని గ్లేజులను సీలెంటు క్రిందికే పనికివచ్చునట్లు చేయుదురు. అది డబ్బాపై చదివి తెలిసికొనవలెను. మైనముమీద మైనము పది పూతలు వేసిన మందము పదిరెట్లగునని నమ్మువారు కలరు. రెండవ పూతలోని ద్రావకము మొదటిదానిని కొంత కరగించును. మిగిలినది గుడ్డతో తుడుపుడుపోవును. రెండవ పూతవలన ఫలమేమనగా, మొదట తప్పిపోయిన తావులు కప్పబడును. ఏటికొప్పాక బొమ్మలవారు తిరుగుచున్న కొయ్యకు లక్కను అద్ది, రాపిడి వేడికి అది కరగి పఱచుకొన్న పిదప మొగలియాకుతో ఒత్తి మెఱుగిత్తురు. అక్కడ నిలుచునది పలుచగా, సమముగా పఱచుకొన్న లక్కయే. కారుమీదను అంతే.

1980ల నుండి కార్లకు రంగుమీద వర్ణములేని క్లియరుకోటు వేయుట సర్వసామాన్యమైనది. పాత వార్నిషే క్రొత్త రూపున తిరిగి వచ్చినదనవచ్చును. దాని మందము ఇంచుమించు 40, 50 మైక్రానులు. మన తలవెండ్రుకకంటె సన్నము. ఇప్పుడు గుడ్డకు రంగంటదు గనుక అరుగుదల కంటికి కనబడదు. ప్రమాదము మునుపటికంటె ఎక్కువ. యంత్రముతో గట్టిగా ఒకమాఱు పాలిషు పట్టించినచో కొన్ని మైక్రానులు పోవును, అవి తిరిగి రావు. వానిమీద నిలుచు మైనము ఒక మైక్రానైనను ఉండదు. కాని పిట్టరెట్టయు, చెట్లబంకయు ముందు దానినే తినును.

ఇటీవల సెరామిక్కు పూతలని వచ్చినవి సిలికా సంబంధమైనవి. ఇవి సంవత్సరములు నిలుచుననుట చాలవఱకు నిజము. అయితే పూయుటకు మునుపు గ్లేజు, మైనము, నూనె సర్వము కడిగివేయవలెను. అప్పుడు గ్లేజు దాచిన గీతలన్నియు మరల బయటపడును. గుద్దుకొని సొట్టపడిన కారు వచ్చినప్పుడు అనుభవము గల రంగువాడు సొట్టకంటె ముందు అడుగు ప్రశ్నయు ఇదియే: దీనికి ఇంతవఱకు ఏమేమి పూసినారు?