హజ్ బాటలో కలరా, వయోవృద్ధ యాత్రికులు

నిజాం రాష్ట్రంలో హజ్ సంకల్పం చాలామందికి వృద్ధాప్యంలోగాని నెరవేరేది కాదు. అప్పులు తీరాలి, ఆడపిల్లల నికాహ్‌లు జరగాలి, సేద్యం కొడుకుల చేతికి రావాలి. మిర్యాలగూడ దారిలోని మాడుగులపల్లి వంటి పల్లెల నుండి బయలుదేరినా, హైదరాబాదు నగరం నుండి బయలుదేరినా, బొంబాయి రేవు చేరి ఓడ ఎక్కవలసిందే. కలరా ఈ బాటను పట్టినప్పుడు వయసు మళ్ళిన హాజీలకు ముప్పు అధికంగా ఉండేది.

కారణం దేహంలోనే ఉంది. నీటితో కడుపులోకి పోయిన కలరా క్రిములను జఠరంలోని ఆమ్లం చాలావరకు చంపివేస్తుంది. పెద్దవయసులో పలువురికి ఈ ఆమ్లం తగ్గిపోతుంది. దాహం తెలియడం కూడా మందగిస్తుంది. విరేచనాలతో ఒంట్లోని నీరంతా పోతున్నా ముసలివారు నీళ్ళడగరు. మగతగా పడివుంటే, మాట తడబడితే, వయసు కదా అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చును.

హిజ్రీ 1281, అనగా క్రీ.శ. 1865 నాటి హజ్‌లో సుమారు 90 వేల యాత్రికులలో 15 వేలమంది కలరాతో మరణించినట్లు అంచనా. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు గాని రైలుమార్గం ఉంది. కొద్ది వారాల్లోనే వ్యాధి అలెగ్జాండ్రియాకు, అక్కడి నుండి యూరపు రేవులకు చేరింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఆరోగ్య మహాసభ, కలరాకు గంగా డెల్టా పుట్టినిల్లనీ హాజీలు దాని వాహకులనీ తేల్చింది. మొదటిమాట నిజమే. రెండవదానిలో న్యాయం సగమే. వ్యాధిని మోసినవారే ముందు దానికి బలి అయ్యారు కదా! పైగా నిర్బంధాల వల్ల వర్తకం చెడుతుందని బ్రిటిషు ప్రభుత్వం చాలాకాలం అడ్డుపడుతూనే వచ్చింది.

1882లో ఉస్మానియా ప్రభుత్వం ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైను నెలకొల్పింది. దక్షిణం నుండి వచ్చే యాత్రికులు అక్కడ దిగి, రుసుము చెల్లించి, రోజులకొద్దీ ఆగవలసి వచ్చేది. ఆ ఎండలో ముదుసలి హాజీల అవస్థ ఊహించవచ్చు. హాజీల ఆరోగ్యస్థితి పరిశీలనకై 1878లో హిందూస్థాన్ ప్రభుత్వం పంపిన డాక్టర్ అబ్దుర్రజ్జాఖ్, తర్వాత జిద్దాలో వైస్ కాన్సల్‌గా పనిచేసి, 1895లో ఆ పట్టణం వెలుపల బద్దూల చేతిలో హతులయ్యారు.

ఈజిప్టుకు తిరిగి వచ్చే హాజీల క్వారంటైను సినాయిలోని తూర్ వద్ద ఉండేది. 1905లో డాక్టర్ గోట్ష్లిక్ అక్కడ మరణించిన యాత్రికుల ప్రేగుల నుండి ఒక వింత క్రిమిని వేరుచేశారు. మరణించినవారిలో కలరా లక్షణాలు లేవు. అందుచేత ఇది కలరా క్రిమి అవునా కాదా అని పండితులు ఏళ్ళతరబడి వాదించుకున్నారు. ఆ క్రిమికి ‘ఎల్ తూర్’ అన్న పేరు స్థిరపడింది. మరణించిన హాజీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. ఆ ఎల్ తూర్ రకమే 1961లో ఇండొనేషియాలోని సులవేసిలో విజృంభించి, 1964లో మన దేశంలో ప్రవేశించింది.

చికిత్స మాత్రం సులువైనదే అని తేలింది. 1971లో బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో, నరానికెక్కించే సెలైను చాలక, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని త్రాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపే తగ్గాయి. వృద్ధులకు దాహం వేసేదాకా ఆగక ఈ నీటిని పట్టించాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత పట్టాలో వైద్యుడు చూసుకోవాలి.

బొంబాయి నుండి హజ్ ఓడలు 1995తో నిలిచిపోయాయి. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో నల్లానీటిలో మురుగు కలిసి పలువురు మరణించారు. పరీక్షల్లో తేలింది కలరా క్రిమే.