గిడుగు రామమూర్తి పంతులుగారి విద్యార్థి జీవితము

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమము స్ఫురించును. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుట అందరికిని తెలిసినదే. అయితే ఆ ఉద్యమము ప్రారంభమగునాటికి పంతులుగారికి నలుబదిమూడేండ్లు. అంతకు పూర్వమే వారు ఏ పాఠశాలయందును బోధింపని రెండు విద్యలను స్వయంకృషిచే సాధించియుండిరి. అవి శాసన పరిశోధనము, సవర భాష. ఈ రెండింటి కథ తెలియనిదే మూడవదాని బలము బోధపడదు.

పంతులుగారు 1863లో వంశధారా తీరమున, ముఖలింగ క్షేత్రమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు చిన్ననాడే గతించుటచే చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. 1880లో, ఇంకను పదునేడేండ్లు నిండకుండగనే, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. పగలు బోధించుచు, రాత్రులు చదువుకొనుచు, ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో ప్రైవేటుగా ఉత్తీర్ణులైరి. ఆ కాలమున అట్లు పట్టములు పొందినవారు మరికొందరును కలరు. వారిలో పెక్కురకు పట్టమే గమ్యము. పంతులుగారికి మాత్రము అది దారిలోని మజిలీ యైనది.

పిల్లలకు చరిత్ర పాఠము చెప్పువానికి తన యూరి చరిత్ర తెలియవలదా? ముఖలింగములోని దేవాలయముల గోడలపై శాసనములు కొల్లలుగా నున్నవి. నిత్యము దర్శనమునకు వచ్చువారు వానిని చూచుచునే యుండిరి, చదువగలవారు లేరు. పంతులుగారు గ్రంథముల సాయముతో ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకొని, ఆ గోడల ముందు నిలిచి అక్షరమక్షరము కూడబలుకుకొనిరి. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరము ఏది యను ప్రశ్న అప్పటికి తేలలేదు. అది సముద్రతీరమునందలి కళింగపట్టణమని ఫ్లీటు దొర యభిప్రాయము. ఆ ప్రాంతమును కాలినడకను ఎరిగిన ఉపాధ్యాయునకు అది సరిపడలేదు. వజ్రహస్తుని శక సంవత్సరము 979 నాటి, అనగా క్రీ.శ. 1057 ప్రాంతపు, నడగాం తామ్రశాసనమును పంతులుగారు పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటమున ప్రకటించుచు, కళింగనగరము ముఖలింగమే యని ప్రతిపాదించిరి. చరిత్రకారులలో పెక్కురు దానిని అంగీకరించిరి. తాను పుట్టిన పల్లెకు చేరువనే ఒక సామ్రాజ్యపు రాజధాని యుండెనని ఒక బడిపంతులు ఋజువు చేయుట సామాన్యమైన సంగతి కాదు.

సవర భాషాభ్యాసము దీనికంటెను కష్టతరమైనది. పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో సవరలు నివసింతురు. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రులతో పాటు శబరుల పేరును కలదు. అంత పాత పొరుగువారైనను, వారి మాట తెలుగువారికి తెలియదు. సంతలో వర్తకుని భాష వేరు, కచేరీలో అధికారి భాష వేరు. ఆ రెండును సవరకు తెలియవు. తెలియనివాడు మోసపోవుటలో వింత యేమున్నది?

ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. శాసనమైనచో రాతిపై నిలిచియుండును, ఎన్నిమారులైనను చూడవచ్చును. నోటిమాట గాలిలో పోవును. తెలుగు తెలిసిన సవర నొకనిని పంతులుగారు తమ యింట నుంచుకొని, అతనికడ శిష్యులై మాట వెంట మాట నేర్చిరి. పిదప కొండలెక్కి సవర పల్లెలకు పోయి, వారి మాటలను, కథలను, పాటలను తెలుగు లిపిలో వ్రాసికొనిరి. కొండవానిని గుమ్మము దాటి రానీయని ఆ దినములలో, ఒక బ్రాహ్మణోపాధ్యాయుడు అతనిని గురువుగా భావించుటకు పట్టుదల యొక్కటే చాలదు. మనస్సు కూడ కావలెను.

సవర భాష తెలుగునకుగాని ఒరియాకుగాని చుట్టము కాదు. అది ముండా భాషలలోనిది. సంతాలీ, ముండారీలు దానికి దగ్గరి బంధువులు. ఖాసీ, ఖ్మేర్ భాషలు దూరపు బంధువులు. తెలుగువాడు వాక్యముగా చెప్పుదానిని సవర క్రియాపదము తనలో ఇముడ్చుకొనును. కత్తితో నిన్ను కడుపులో పొడుచును అను భావమంతయు ఒక్క పదమున ఒదుగును. కత్తియు, కడుపును, నీవును ఆ క్రియలోనే చేరిపోవుదురు. పాణిని మార్గమున అలవడినవానికిని ఆ పద్ధతి నూతనమే. ఇట్టి భాషను పుస్తకము లేక సాధింపవలసివచ్చినది.

మన్యపు ప్రయాణములు ఊరకపోలేదు. మలేరియా పట్టినది. దానికై మింగిన క్వినైను వలన పంతులుగారికి వినికిడి శక్తి క్షీణించినదని చెప్పుదురు. వినుటయే ఆధారముగాగల విద్యను వరించినవానికి చెవియే పోయినది! అయినను పని ఆగలేదు. సవర పిల్లలకు వాచకములు వ్రాసిరి. స్వంత ద్రవ్యముతో బడి పెట్టిరి. ప్రభుత్వము వారు పారితోషికమీయబూనగా, దానికి బదులు సవరలకు మంచి బడి నొకదానిని నెలకొల్పుడని కోరిరి. 1913లో వచ్చిన రావు సాహెబు బిరుదము మాత్రము పేరునకు ముందు చేరినది.

1906లో జె.ఏ. యేట్సు దొర పాఠశాలల పరీక్షాధికారిగా ఉత్తర సర్కారులకు వచ్చిరి. తెలుగువారు మాటలాడు భాషయు, బడిలో చదువు భాషయు వేరుగా నుండుటకు కారణమేమని వారి సందేహము. గురజాడ అప్పారావుగారితోబాటు ఈ సందేహమునకు సమాధానము చెప్పగలవారుగా పంతులుగారు కనబడిరి. సవరల నోట భాషను విని నేర్చినవానికి, జనుల నోట నున్న తెలుగు తప్పుల కుప్ప యని తోచునా? అయితే వారు ఆవేశముతో వాదింపలేదు. మరల విద్యార్థులైరి. పూర్వ వ్యాకరణములను, కావ్యములను, పాత వచన గ్రంథములను గాలించి, గ్రాంథికవాదుల వ్రాతలలోనే వారి నియమములకు విరుద్ధములైన ప్రయోగములను చూపిరి. గ్రాంథికమును త్రోసిపుచ్చుటకై గ్రాంథికమును పండితులకంటె మిన్నగా చదివిరనుట అతిశయోక్తి కాదు. 1911లో ఉద్యోగ విరమణానంతరము ఈ కృషి మరింత హెచ్చినది. 1919లో 'తెలుగు' అను పత్రికను నడిపిరి. ఆ వాదములలో ఇరుపక్షములవారును వాడిన కటువైన మాటలను ఇప్పుడు తలచుకొన నవసరము లేదు.

ఇంత సందడిలోను సవర భాషను మరువకుండుటయే విశేషము. తొలినాట తెలుగక్షరములతో వ్రాసికొన్న మాటలను వృద్ధాప్యమున ధ్వనిశాస్త్ర పద్ధతి ననుసరించి మరల సవరించుకొనిరి. చెవి సహకరింపని ఆ దశలో కుమారులు గిడుగు వెంకట సీతాపతిగారు తోడ్పడిరి. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథము మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున వెలువడినది. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వచ్చినది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. దానిని వ్యతిరేకించిన పంతులుగారు, ఏబదియారేండ్ల కాపురమును విడిచి, డెబ్బదిరెండేండ్ల వయస్సున రాజమహేంద్రవరమునకు తరలిరి. ఇల్లు మారినది, ఊరు మారినది. నిఘంటువు కాగితములు మాత్రము వెంట వచ్చినవి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినది. 1940 జనవరి 22వ తేదీన పంతులుగారు కాలధర్మము నొందిరి. సవర పాటల సేకరణమును, ఆ భాషా పరిశీలనమును సీతాపతిగారు కొనసాగించిరి.