ఆటిజం: వైద్యుడి చూపు నుంచి సొంత జ్ఞాపకం దాకా

జబ్బుల పేర్లు సాధారణంగా వైద్యుడి నోట పుట్టి, తరువాత రోగి నోటికి చేరతాయి. ఆటిజం విషయంలో ఈ ప్రయాణానికి సుమారు అరవై ఏళ్ళు పట్టింది. ఆ అరవై ఏళ్ళలో పేరు మారలేదు గాని, ఆ పేరు వర్తించే మనుషులు మారుతూ వచ్చారు. నేడు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ నడివయసుకు చేరిన అనేకులు తమ గత జీవితాన్ని వెనుదిరిగి చూసుకుని, తమకు ఆటిజం ఉందని నమ్ముతున్నారు. వారిలో కొందరి విషయంలో అది నిజం, ఎంతో ఆలస్యంగా తెలిసిన నిజం. మరికొందరి విషయంలో అది నిజం కాదు. ఈ రెండో వర్గంవారిని వేషధారులని కొట్టిపారెయ్యడం తేలిక. కాని ఆటిజం చరిత్ర చదివితే, వారిని ఆ నమ్మకం వైపు నడిపించిన మార్గాన్ని వేసింది వైద్యులేనని, అదీ మంచి ఉద్దేశంతోనే వేశారని అర్థమవుతుంది.

ఆటిజం అన్న మాటను సృష్టించినవారు స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్. గ్రీకు భాషలో 'ఆటోస్' అంటే 'తాను'. స్కిజోఫ్రీనియాపై 1911లో వెలువరించిన గ్రంథంలో ఆయన, బయటి లోకాన్ని విడిచి తనలోకి తాను ముడుచుకుపోయే రోగి స్థితిని ఆ మాటతో సూచించారు. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మనోవైద్యుడిగా ఉన్న లియో కానర్ దానిని తీసుకుని పూర్తిగా వేరే విషయానికి వాడారు. ఆయన వర్ణించినది 11 మంది పిల్లలను: ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. మనుషుల నుంచి విడిపోయినట్టుండే ఒంటరితనం, చుట్టూ ఉన్నవన్నీ ఎప్పుడూ ఒకేలా ఉండాలన్న పట్టుదల. ఈ రెండూ వారందరిలోనూ పసితనం నుంచే ఉన్నాయని ఆయన గమనించారు. మొదటి పిల్లవాడు డొనాల్డ్ గురించి అతని తండ్రి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. ఆ పిల్లలలో ఎవరూ తమ గురించి తాము చెప్పుకోలేదు. చెప్పినవారు తల్లిదండ్రులు, చూసినవాడు వైద్యుడు. రోగనిర్ధారణ యావత్తూ ఇతరుల కళ్ళతో జరిగింది.

పేరు ప్రచారంలోకి వచ్చిన ఇరవై ఏళ్ళకే కానర్‌కు చిరాకు పుట్టింది. దేశం రాత్రికి రాత్రే ఆటిజం పిల్లలతో నిండిపోయినట్టుందని, పొంతన లేని రకరకాల స్థితులకు ఈ పేరు తగిలించి అసలు భావనను పల్చబరుస్తున్నారని 1965లోనే ఆయన ఫిర్యాదు చేశారు. ఆ మరుసటి ఏడాది, 1966లో, విక్టర్ లాటర్ ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ ప్రాంతంలో పిల్లలను లెక్కించినప్పుడు ప్రతి 10,000 మందిలో 4.5 మందికే ఆటిజం ఉన్నట్టు తేలింది. కానర్‌కు మితిమీరినదిగా తోచిన ఆ రోజులు నేటి లెక్కల పక్కన ఎంతో పొదుపైనవి. 2022 సమాచారం ప్రకారం అమెరికాలోని పరిశీలన కేంద్రాలలో ఎనిమిదేళ్ళ పిల్లలలో ప్రతి 31 మందికి ఒకరికి ఆటిజం గుర్తించారు.

హద్దులను విస్తరించినవారిలో ముఖ్యురాలు లండన్ మనోవైద్యురాలు లోర్నా వింగ్. ఆమె కుమార్తెకు తీవ్రమైన ఆటిజం ఉండేది. జుడిత్ గౌల్డ్‌తో కలిసి కాంబర్‌వెల్ ప్రాంతంలో ఆమె జరిపిన సర్వే 1979లో వెలువడింది. కానర్ వర్ణనకు అచ్చంగా సరిపోని పిల్లలు ఎందరో ఉన్నారని, వారికీ సాయం అవసరమేనని, గీత గీసినట్టు పేరు నిరాకరిస్తే వారు బడిలోనూ ఆసుపత్రిలోనూ దిక్కులేనివారవుతారని ఆమెకు అర్థమైంది. తరువాత 1981లో, వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ 1944లో జర్మన్ భాషలో రాసి మరుగున పడిన వ్యాసాన్ని వెలికితీసి, మాటలు బాగా వచ్చి, తెలివితేటలుండీ నలుగురిలో ఇమడలేని వారికి ఆస్పెర్గర్ సిండ్రోమ్ అన్న పేరు పెట్టారు. ఇంద్రధనుస్సులో రంగుల మధ్య గీతలు లేనట్టే ఇక్కడా లేవన్నది ఆమె భావన. స్పెక్ట్రమ్ అన్న మాట అలా స్థిరపడింది. ఆ భావనలో నిజముంది, కరుణ ఉంది. ఒక చిక్కు కూడా ఉంది. గీతలు లేని చోట, వరస చివర నిలబడిన మనిషికి తాను లోపల ఉన్నాడో బయట ఉన్నాడో ఎవరు చెప్పాలి?

చెప్పవలసిన పుస్తకం అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించే డీఎస్ఎమ్. దాని నాలుగవ కూర్పు 1994లో వచ్చింది. ఆస్పెర్గర్ సిండ్రోమ్‌కు మొదటిసారి అందులో చోటు దొరికింది. అదే పుస్తకంలో, ఆటిజానికి దగ్గరగా ఉన్నా నిబంధనలకు పూర్తిగా సరిపడని పిల్లల కోసం మరొక కోవ కూడా ఉంది. నలుగురితో మెలగడంలో లోపం ఉండి, దానికి తోడు మాటలోనో, మూసపోసినట్టుండే ప్రవర్తనలోనో ఇబ్బంది ఉండాలన్నది ఉద్దేశం. అచ్చులో అది 'ఇదో, అదో, మరొకటో ఉంటే చాలు' అన్న అర్థంతో వచ్చింది. తెలుగు సంపాదకులు కనబడగానే కొట్టిపారేసే 'మరియు'కు బదులు అక్కడ 'లేదా' పడిందన్నమాట. కూర్పుకు ముందు సేకరించిన సమాచారాన్నే తిరిగి లెక్కించి చూస్తే, ఈ రుగ్మత లేదని వైద్యులు స్వయంగా తేల్చిన పిల్లలలో సుమారు 75 శాతం మంది ఆ మాట వల్ల ఉన్నవారి జాబితాలోకి వచ్చారు. ఆ వాక్యాన్ని 2000లో వచ్చిన సవరణ ముద్రణలో సరిచేశారు. ఆరేళ్ళపాటు ప్రపంచమంతా వాడిన పుస్తకంలో అది అలాగే ఉంది.

ఆ కాలానికి చెందిన ఒక మనిషి కథ బహిరంగంగా లభిస్తోంది. బెంజమిన్ న్యూజెంట్ అమెరికన్ రచయిత. ఆయన తల్లి మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు, ఆస్పెర్గర్ విషయంలో నిపుణురాలు. పుస్తకాలలో తలదూర్చి, స్నేహితులు లేక తిరిగే తన కొడుకు ఆ వర్ణనకు సరిపోతాడని ఆమెకు అనిపించింది. ఇరవై ఏళ్ళ వయసులో అతను ఒక బోధనాచిత్రంలో ఆస్పెర్గర్‌కు ఉదాహరణగా కూడా కనిపించాడు. కొన్నేళ్ళకు న్యూయార్క్ చేరి, తనలాగే రాయడం, చదవడం పిచ్చిగా ఉన్నవారి మధ్య పడ్డాక లక్షణాలన్నీ తేలిపోయాయి. తనకు ఆ స్థితి ఎన్నడూ లేదని తల్లీకొడుకులిద్దరూ గ్రహించారు. తల్లి క్షమాపణ చెప్పుకుంది. ఈ సంగతిని ఆయన 2012లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అందులో మనసులో నిలిచే మాట ఒకటుంది. ఆ పేరు ఇంకా చిన్న వయసులో తగిలి ఉంటే, మనుషుల మధ్య మాటామంతీ తన మెదడుకు పుట్టుకతోనే అందనిదని నమ్మి, మనుషుల గురించి రాసే సాహసమే చేసేవాడిని కాదేమోనని ఆయన సందేహం. అంటే తప్పుడు పేరు ఉన్న స్థితిని తప్పుగా వర్ణించడంతో ఆగదు, మనిషి ఏం ప్రయత్నించాలో ఏది మానుకోవాలో కూడా నిర్ణయిస్తుంది.

న్యూజెంట్‌కు పేరు పెట్టినది నిపుణురాలే. పేరు నిపుణుల చేతి నుంచి మనిషి సొంత చేతిలోకి వచ్చిన ఏడు 2001. ఆ ఏడు కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 50 వాక్యాల ప్రశ్నావళిని ప్రచురించింది. నింపేది ఎవరికి వారే. ఆటిజం ఉన్నవారిలో 80 శాతం మందికి 32 గాని అంతకు మించి గాని మార్కులు వచ్చాయి. సాధారణ జనంలో 2 శాతం మందికే అన్ని వచ్చాయి. ఇది రోగనిర్ధారణ పరీక్ష కాదని రూపకర్తలే స్పష్టంగా చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోని వైర్డ్ పత్రిక, కంప్యూటర్ రంగంలో ఆటిజం గురించిన వ్యాసంతోపాటు దానిని పాఠకుల ముందుంచింది.

80కి 2 అంటే తిరుగులేని పరీక్షలా కనిపిస్తుంది. వైద్యవిద్యార్థికి మొదట నేర్పే లెక్క ఒకటి ఇక్కడ చేసి చూడాలి. పెద్దవాళ్ళలో ఆటిజం ఒక శాతం మందికి ఉందనుకుందాం. ఇంగ్లండులో ఇంటింటికీ వెళ్ళి జరిపి, 2011లో ప్రచురించిన సర్వే చెప్పినది సుమారుగా అంతే. 10,000 మంది ఈ ప్రశ్నావళి నింపితే, ఆటిజం ఉన్న 100 మందిలో 80 మంది 32 దాటుతారు. లేని 9,900 మందిలో 2 శాతం, అంటే 198 మంది, వారు కూడా దాటుతారు. మొత్తం 278 మందిలో 198 మందికి ఆటిజం లేదు. 'నాకు వచ్చింది' అని ఉలిక్కిపడే ప్రతి పదిమందిలో ఏడుగురు పొరపడుతున్నారన్నమాట. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ నటించలేదు. అరుదైన స్థితిని అందరిలోనూ వెతికితే జరిగేది ఇదే.

ఐదవ డీఎస్ఎమ్ 2013లో వచ్చింది. ఆస్పెర్గర్ పేరు తొలగించి అన్నింటినీ ఒకే స్పెక్ట్రమ్ కిందికి చేర్చింది. లక్షణాలు పసితనంలోనే ఉండాలన్న నియమం ఉంచుతూ, అవి అప్పుడు పూర్తిగా బయటపడకపోవచ్చునని, నేర్చుకున్న ఉపాయాలతో తరువాత మరుగున పడవచ్చునని ఒప్పుకుంది. లక్షణాలు ఇప్పుడు కనబడకపోయినా గతంలో ఉన్నాయని తేలితే చాలునంది. ఈ సడలింపు అవసరమైనదే. నలుగురిని చూసి అనుకరించి, లోపలి అలసటను దాచుకుని బతికిన స్త్రీలు దశాబ్దాలుగా వైద్యుల కంటపడలేదు. వారికి ఈ వాక్యం న్యాయం చేసింది. కాని కనబడకపోవడాన్ని కూడా ఒక లక్షణంగా లెక్కించవచ్చునని చదువుకున్నవాడికి, తనకు ఆటిజం లేదని రుజువు చేసుకునే మార్గం ఇక మిగలదు. సాక్ష్యమంతా జ్ఞాపకం మీదికి వచ్చింది.

జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కెనడా తత్వవేత్త ఇయాన్ హాకింగ్ విపులంగా రాశారు. బహుళ వ్యక్తిత్వ రుగ్మతపై ఆయన 1995 నాటి గ్రంథం 'రీరైటింగ్ ద సోల్' చెప్పేది ఇది: మనిషికి కొత్త వర్ణన దొరికితే పాత రోజులను దాని వెలుగులోనే తిరిగి చదువుకుంటాడు. రాళ్ళకు పేరు పెడితే రాళ్ళు మారవు. మనుషులకు పెడితే మారతారు, వారు మారినకొద్దీ పేరు అర్థం కూడా మారుతుంది. పెళ్ళిలో మూల కూర్చుని పుస్తకం చదువుకున్న బాల్యం ఒకప్పుడు బిడియం. కొత్త మాట తెలిశాక అది లక్షణం. హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ 2014 నవంబరులో టెలివిజన్ ముఖాముఖిలో తాను స్పెక్ట్రమ్ మీద ఉన్నానేమోనన్నారు. కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నారు. ఆ విషయంపై ఒక నాటకం చూశానని, అందులో ఏదో తనకు దగ్గరగా తోచిందని వివరించారు. నాటకంలోని పాత్రతో మమేకం కావడం ప్రేక్షకుడి ధర్మం. దానిని రోగనిర్ధారణగా తీసుకోకూడదని రెండు వారాలలో తెలుసుకోగలగడం ఆయన అదృష్టం.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2023లో టిక్‌టాక్ వీడియోలను పరిశీలించిన పరిశోధకులు, ఆటిజం గురించి సమాచారమిచ్చే వాటిలో 27 శాతమే ఖచ్చితమైనవని, 41 శాతం తప్పులని, మిగిలినవి కొందరికి వర్తించేదాన్ని అందరికీ అంటగట్టేవని తేల్చారు. 2025లో వెలువడిన అమెరికన్ అధ్యయనం ఒకటి మరింత ఆలోచింపజేస్తుంది. ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారిని, వైద్యులు స్వయంగా పరీక్షించి ఆటిజం నిర్ధారించినవారిని పక్కపక్కన పెట్టి చూశారు. కాగితం మీద ఇద్దరూ ఒకేలా ఉన్నారు. సామాజిక భయం, నలుగురి నుంచి తప్పించుకునే స్వభావం మాత్రం మొదటివారిలోనే ఎక్కువ. నిర్ధారణ పొందినవారిలో కూడా, వారు తమ గురించి చెప్పుకున్నదానికి వైద్యుడు చూసినదానికి పొంతన కుదరలేదు.

ఇక్కడే వైద్యపరమైన నష్టం ఉంది. నలుగురిలో మాట్లాడాలంటే వణికే మనిషికి చికిత్స, భయపెట్టే చోటికే కొద్దికొద్దిగా వెళ్ళడం అలవాటు చేయడం. ఆటిజం ఉన్న మనిషికి చేసే సాయంలో పరిసరాలను అతనికి అనుకూలంగా మార్చడం ప్రధానం. ఒకరి మందు మరొకరికి ఇస్తే, నయం కాగల భయం జీవితకాలపు స్వభావంగా గట్టిపడుతుంది. బాధ నిజమైనదే అయినా, పేరు తప్పయితే ఆ బాధకు అందవలసిన సాయం అందదు.

రెండో నష్టం మరొకరిది. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య పరిశోధనలలో కనబడే తేడా దశాబ్దాలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చిందని 2019లో ఒక విశ్లేషణ చూపింది. భావన పల్చబడుతోందన్న కానర్ ఫిర్యాదుకు అది అంకెలలో దొరికిన సమాధానం. పేరు కింద చేరినవారంతా మాటకారులైతే, మాటలేని వారి సంగతి ఎవరికీ వినబడదు. అందుకే లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2021 చివర, ఇరవైనాలుగు గంటలూ పెద్దవారి సంరక్షణ అవసరమయ్యేవారిని ప్రత్యేకంగా గుర్తించడానికి 'ప్రొఫౌండ్ ఆటిజం' అన్న మాటను ప్రతిపాదించింది. అమెరికాలో ఆటిజం గుర్తించిన ఎనిమిదేళ్ళ పిల్లలలో 26.7 శాతం ఈ కోవకు చెందుతారని 2023లో లెక్క తేలింది. విస్తరించిన స్పెక్ట్రమ్‌లో కానర్ చూసినటువంటి పిల్లలను వేరు చేసి చూడటానికి ఎనభై ఏళ్ళ తరువాత మళ్ళీ ఒక కొత్త పేరు కావలసి వచ్చింది.

పెద్దవయసులో సందేహం కలిగిన మనిషిని వెక్కిరించి పంపడం ఈ చరిత్ర నేర్పే పాఠం కాదు. అలా పంపడం వల్లనే లోర్నా వింగ్ కాలానికి ముందు ఎందరో నష్టపోయారు. వచ్చినవారి మాట వినాలి. చిన్ననాటి సంగతులు తెలిసిన తల్లినో, తోబుట్టువునో అడగాలి. భయం, దిగులు, చిన్ననాటి గాయం వంటివి ఒక్కొక్కటిగా విచారించాలి. ఆ తరువాతే ఉందనో లేదనో చెప్పాలి. దీనికి గంటలు పడతాయి, 50 వాక్యాలు నింపడానికి పది నిమిషాలు చాలు. ఆ గంటలు ఇవ్వలేని వైద్యవ్యవస్థలు ఉన్నంతకాలం జనం పది నిమిషాల దారినే పడతారు. ఆ ప్రశ్నావళిని తమంత తాము ఎన్నటికీ నింపలేని పిల్లలు మాత్రం, డొనాల్డ్ రోజుల్లోలాగే, తమ తరఫున ఎవరో ఒకరు చూసి చెప్పాలని ఎదురు చూస్తూ ఉంటారు.