మనది కాని పార్సిలు

మొన్న మా మనవరాలు గుమ్మం ముందున్న అట్టపెట్టె విప్పి మిక్సీ జార్ బయటికి తీసింది. మేమేమీ తెప్పించుకోలేదు. చూస్తే ఫ్లాటు నంబరు మాదే, బ్లాకు మాత్రం పక్కది. "తాతా, ఇచ్చేద్దామా, వాళ్లే వచ్చి అడిగేదాకా ఉంచుదామా?" అంది. ముప్పయ్యేళ్లు టపా సంచీ మోసినవాణ్ణి అడగాల్సిన మాటేనా అది! జార్ మళ్లీ పెట్టెలో పెట్టించి, పైన "పొరపాటున విప్పాం" అని రాయించి, దగ్గరుండి పక్క బ్లాకులో ఇప్పించాను. రాయడం దేనికని నవ్వింది. పోస్టాఫీసు అలవాటు, పోదు.

దాని సందేహం మాత్రం ఇప్పటిది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ కింద ఓ చిన్న ఉదాహరణ ఉంది. ఒక వర్తకుడు పొరపాటున ఎవరింట్లోనో సరుకు వదిలి వెళ్తాడు. ఇంటాయన దాన్ని సొంతంలాగే వాడేసుకుంటాడు. అయితే వెల కట్టాల్సిందే. 72వ సెక్షన్ ఇంకా సూటిగా మాట్లాడుతుంది: పొరపాటున చేతికొచ్చింది డబ్బయినా వస్తువైనా తిరిగివ్వాలి. 1898 తపాలా చట్టానికి ఇంకాస్త కోపం ఎక్కువ. వేరేవాళ్లకు చేరాల్సిన టపాను దురుద్దేశంతో అట్టేపెట్టుకుంటే రెండేళ్లదాకా జైలన్నది దాని 68వ సెక్షన్. 2023లో కొత్త చట్టం వచ్చి దాన్ని పక్కన పెట్టిందనుకోండి. ఆ సెక్షన్ పేరు చెప్పి నేను ఎవర్నీ బెదిరించిన పాపాన పోలేదు.

పొరపాటులా కనిపించే మోసం ఇంకొకటి. 1877లో వి.పి.పి. వచ్చింది. డబ్బు కడితేనే సరుకు చేతికిస్తాం. పత్రికల వెనక పేజీల్లో గడియారాలు, లేహ్యాలు, తలనూనెలు అన్నీ దాని మీదే నడిచేవి. అడగని సరుకు పంపి డబ్బు గుంజేవాళ్లూ ఉంటారు కాబట్టి, ఫలానావారి ఆర్డరు మీదే పంపుతున్నానని పంపేవాడు రాసి సంతకం చెయ్యాలన్న నియమం పెట్టారు. అయినా నా బీట్‌లో, మగవాళ్లు లేని వేళ వెళ్తే, "ఆయన తెప్పించుకున్నారేమోలే" అని పోపుడబ్బాలోంచి తీసిచ్చిన ఇల్లాళ్లు ఉన్నారు. సాయంత్రం ఆ ఇంట్లో గొడవ నాకు రెండు వీధుల అవతలికి వినబడేది.

అసలు పొరపాట్లకు పుట్టిల్లు చిరునామా. పాతకాలం కవర్ల మీద మర్యాద ఎక్కువ, ఆచూకీ తక్కువ. "మ.రా.రా.శ్రీ" దగ్గర మొదలుపెట్టి "గారి సముఖమునకు" అనేసరికి సగం కవరు నిండేది. వీధి ఉండదు, "రావిచెట్టు దగ్గర" ఉంటుంది. ఊళ్లో తిరిగే మాకు ఆ చెట్టు చాలు. చిక్కల్లా రాత్రి రైల్లో, ఆర్.ఎం.ఎస్. పెట్టెలో గూళ్ల ముందు నిలబడి సార్టింగ్ చేసేవాడికి. గూడూరంటే ఏ గూడూరు? నెల్లూరు వైపు ఒకటి, బందరు దగ్గర ఒకటి, కర్నూలు జిల్లాలో ఒకటి, పాత వరంగల్ జిల్లాలో మరొకటి. దీనికి మందుగా 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టారు. దాని రూపశిల్పి శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. ఛందస్సు తెలిసినవాడు గనకనే ఆరంకెల్లో దేశాన్ని కూర్చాడని నా అనుమానం. ముందు 5 ఉంటే అప్పట్లో ఆంధ్రప్రదేశ్ లేదా కర్ణాటక. మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లా, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసు. నెల్లూరు వైపు గూడూరుది 524101, కర్నూలు గూడూరుది 518తో మొదలవుతుంది. గొడవ వదిలిపోవాలి. కానీ రాయాలి కదా జనం!

మరుసటేడు వేసవిలో జరిగింది చెబుతాను. మా ఊరి పేరు వద్దు, అదే పేరుతో మరో జిల్లాలో ఇంకో ఊరుందంటే చాలు. గుడ్డలో కుట్టిన పార్సిలు వచ్చింది, కుట్ల మీద లక్క సీళ్లు. లోపల రేకుడబ్బా. మూత సందుల్లోంచి నూనె కారి గుడ్డ ఎర్రబారింది. సరిగ్గా జిల్లా పేరు మీదే మరక. కాపీయింగ్ పెన్సిలు రాత ఊదారంగులో అలుక్కుపోయింది. పిన్ లేదు. మిగిలిన పేరూ ఇంటిపేరూ మా బీట్‌లోని ఓ పంతులుగారివే. ఇచ్చేసి సంతకం తీసుకున్నాను.

వారానికి ఫిర్యాదు వచ్చింది, అల్లుడి పేర పంపిన పార్సిలు అందలేదని. పరుగెత్తాను. పంతులుగారు భోజనం చేస్తున్నారు, విస్తట్లో ఎర్రగా ఆవకాయ. "మా మేనత్త పంపిందనుకున్నానయ్యా. ఈసారి కారం తగ్గించిందే అనుకున్నా కూడా" అన్నారు, చెయ్యి గాల్లోనే ఉంచి. డబ్బా అప్పటికే సగమైంది.

నాకు మెమో వచ్చింది. పంతులుగారి భార్య మాత్రం డబ్బా కడిగి, ఎండబెట్టి, తన జాడీలోంచి నిండా పెట్టింది. పంతులుగారు క్షమించమని చీటీ రాశారు. పోస్టేజీ మేమిద్దరం చెరిసగం. పిన్ కోడు నేనే రెండుచోట్ల వేలెడంత అంకెల్లో రాశాను.

పదిహేను రోజులకు ఆ అల్లుడిగారి నుంచి పంతులుగారికి కార్డు వచ్చింది. ముక్క గట్టిగా ఉంది, ఆవపిండి ఒక పిసరు చాలలేదు, మొత్తమ్మీద మా అత్తగారి దానికంటే ఇదే నయం, ఆ మాట ఆవిడకు తెలియనివ్వకండి అని. కార్డు మీద మూడు ఊళ్ల ముద్రలున్నాయి. పిన్ కోడ్ మాత్రం లేదు.